కుక్కకు ఏ కూరగాయలు పెట్టకూడదు? తినేస్తే ఏం చేయాలి?

పచ్చి ఉల్లిపాయ చూపిస్తే చాలా కుక్కలు వాసన చూసి పక్కకు తిరుగుతాయి. అదే ఉల్లిపాయ చికెన్ కూరలో మగ్గిపోతే గిన్నె నాకి మరీ తింటాయి. మన ఇళ్లలో అసలు చిక్కంతా ఆ మిగిలిన కూర గిన్నెతోనే.

1. ఉల్లి, వెల్లుల్లి పూర్తిగా మానేయండి

ఉల్లిపాయ, ఉల్లికాడలు, వెల్లుల్లి అన్నీ ఒకే కుటుంబం. వీటిలోని గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉడికించినా, వేయించినా ఆ విషం పోదు. ఎండబెట్టి చేసిన పొడుల్లో ఇంకా చిక్కగా ఉంటుంది. వెల్లుల్లి ఉల్లి కంటే ఘాటైన విషం.

ఒకేసారి ఒంటి బరువులో అర శాతం కంటే ఎక్కువ ఉల్లి తింటే ప్రమాదమని పశువైద్యుల లెక్క. పది కిలోల కుక్కకు అది 50 గ్రాములు, అంటే ఒక చిన్న ఉల్లిపాయ. మూడు కిలోల పామరేనియన్‌కు 15 గ్రాములు చాలు. రోజూ కొంచెం కొంచెం పెట్టినా నష్టం పోగవుతుంది.

"ఊళ్లో కుక్కలన్నీ మన కూడు తినే బతుకుతున్నాయి కదా" అని మా ఇంట్లో పెద్దవాళ్లూ అన్నారు. నిజమే, బతుకుతున్నాయి. కానీ వాటికి రక్తం తగ్గిందో లేదో ఎవరు చూశారు?

2. కుక్క వాటా ముందే తీసేయండి

పప్పు మెత్తగా ఉడికాక, ఉప్పు, కారం, చింతపండు, తాలింపు పడకముందే ఒక గరిటె పక్కకు తీయండి. చికెన్ అయితే ఎముకల్లేని ముక్కలను ఉత్త నీళ్లలో విడిగా ఉడికించండి. అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కను కడిగి పెడితే సరిపోతుందనుకోకండి, రసం అప్పటికే లోపలికి దిగి ఉంటుంది. ఉడికించిన క్యారెట్, బీన్స్, గుమ్మడి ముక్కలు నిశ్చింతగా కలపొచ్చు.

3. బంగాళాదుంప, టమాటా, చింతపండు చూసుకోండి

తొక్క పచ్చబడిన, మొలకలొచ్చిన బంగాళాదుంపలో సోలనిన్ అనే విషం ఉంటుంది. అలాంటి దుంపలు, వాటి తొక్కలు కుక్కకు అందే చెత్తబుట్టలో వేయకండి. బాగా పండిన టమాటా ముక్క ఒకటి తింటే ఏమీ కాదు. పెరట్లో మొక్క ఉంటే మాత్రం ఆకులు, పచ్చికాయలు నమలకుండా చూడాలి.

ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కొన్ని కుక్కల కిడ్నీలు ఎందుకు దెబ్బతింటాయో చాలా ఏళ్లు అంతుపట్టలేదు. టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు అనుమానిస్తున్నారు. మన చింతపండు పులుపు కూడా దానిదే. చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు పాడైన కేసులను 2022లో పశువైద్యులు వెలుగులోకి తెచ్చారు. సాంబారన్నం అలవాటున్న కుక్కకు ఇవాళే మాన్పించడానికి నాకైతే ఆ ఒక్క కారణం చాలు.

4. తినేస్తే వెంటనే ఇలా చేయండి

ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాసుకుని పశువైద్యుడికి ఫోన్ చేయండి. కుక్క బరువు కూడా చెప్పాలి. తిని గంటా రెండు గంటలే అయితే ఆయన మందిచ్చి కక్కించగలరు. టెన్షన్‌లో ఉప్పునీళ్లు పట్టించకండి. ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.

ఉల్లి విషంతో ఉన్న తంటా ఏంటంటే, మొదటి రోజు కుక్క మామూలుగానే తిరుగుతుంది. లక్షణాలు చాలాసార్లు మూడు నుంచి ఐదు రోజులకు బయటపడతాయి. అందుకే వారం పాటు రోజూ పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి పాలిపోయినా, పసుపు తిరిగినా, మూత్రం టీ డికాక్షన్‌లా వచ్చినా, నాలుగడుగులకే ఆయాసపడుతున్నా తెల్లారేదాకా ఆగకండి. రక్తం ఎక్కించాల్సిన పరిస్థితి కావచ్చు.