పీసీబీ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు మీ పాత బోర్డు ఒకటి బయటికి తీయండి

హనుమకొండలో ఒక గది, ఒక ల్యాప్‌టాప్, నేనొక్కణ్ని. ఎక్కువగా వ్యవసాయ మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ల సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) గీస్తా: సిమ్ వేసే మాడ్యూల్, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు), మూడు ఫేజులూ వస్తున్నాయా లేదా చూసే సర్క్యూట్. ఇంజినీరింగ్ అయిపోయిన పిల్లలు "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలె?" అని అడుగుతుంటారు. బోర్డులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ ఉంది, అదే నేర్చుకోండని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మీ పని నా పనిలాగే ఉండదు కదా, అందుకే ఎలా తేల్చుకోవాలో చెప్తా.

మీరు ఇదివరకు చేసిన బోర్డు ఒకటి ముందు పెట్టుకోండి, కాలేజీ ప్రాజెక్టుదైనా పర్లేదు. దాని కొలతలు, లేయర్లు (రాగి పొరలు ఎన్ని), వోల్టేజీ, ఎవరి దగ్గర తయారు చేయిస్తారు, చివరికి ఫైళ్లు ఎవరి చేతికి ఇవ్వాలి, ఇవన్నీ కాగితం మీద రాయండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ కాగితం దగ్గరే ఆగిపోతాయి. నా స్టార్టర్ బోర్డు 120 మిల్లీమీటర్లకు 90, అంటే 108 చదరపు సెంటీమీటర్లు. ఆటోడెస్క్ ఫ్యూజన్ ఉచిత వెర్షన్ 80 చదరపు సెంటీమీటర్లు, రెండు లేయర్లు దాటనివ్వదు. పైగా అది సొంత పనులకే, అమ్ముకునే సరుకుకు కాదు. ఇక ఈగల్ అనే పాత పీసీబీ సాఫ్ట్‌వేర్ సంగతి: ఆటోడెస్క్ 2016లో దాన్ని కొన్నది, 2026 జూన్ 7తో ఆపేస్తామని 2023లోనే ప్రకటించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అటు పోవద్దు.

మిగిలినవాటి మీద వీడియోలు చూస్తూ కూర్చోకండి. మీ బోర్డులో కష్టమైన మూల ఏదో అది ఒక్కటే కొత్త సాఫ్ట్‌వేర్‌లో గీసి చూడండి. నేనైతే రిలే ఉన్న మూల తీసుకుంటా. కోఠి గుజరాతీ గల్లీలో షుగర్ క్యూబ్ రిలే అడిగితే ఒక్కో షాపులో ఒక్కో కంపెనీది ఇస్తారు. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉన్న ఫుట్‌ప్రింట్‌కు (బోర్డు మీద పార్టు కాళ్లు కూర్చునే అచ్చుకు) దాని కాళ్లు సరిగ్గా కూర్చుంటాయని నమ్మను. వెర్నియర్‌తో కొలిచి సొంతంగా ఫుట్‌ప్రింట్ చేసుకుంటా. కొత్తవాడికైనా ఈ పని అరగంటలో తెమలాలి.

తర్వాత 415 వోల్టుల వైపుకూ 5 వోల్టుల వైపుకూ మధ్య 8 మిల్లీమీటర్లు ఉండాలని రూల్ పెట్టండి. నేను వదిలే దూరం అదే. కావాలని ఒక ట్రాకును (రాగి గీతను) దగ్గరికి లాగి డీఆర్‌సీ నడపండి, అంటే పెట్టిన రూల్స్ తప్పాయా అని సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీ. అరిస్తే సరే, నోరు మెదపకపోతే ఆ సాఫ్ట్‌వేర్ కరెంటు పనికి వద్దు. కీక్యాడ్‌లో నెట్ క్లాసులు (ఒకే రూల్ వర్తించే కనెక్షన్ల గుంపులు) విడగొట్టి చిన్న కస్టమ్ రూల్ రాస్తే చాలు. 9వ వెర్షన్‌లోనైతే బోర్డు ఉపరితలం వెంట, కోసిన స్లాటు చుట్టూ తిరిగి వచ్చే దూరాన్ని కూడా చూస్తుంది. నాలాంటివాళ్లకు అది పెద్ద సౌకర్యం.

ఇంకో పరీక్ష మన దగ్గరివాళ్లకే పనికొస్తుంది. పరకాల దిక్కు మెకానిక్ డబ్బా విప్పితే "మోటార్", "స్టార్ట్", "ఫేజ్" అని తెలుగులో కనిపించాలని నాకు ఉంటుంది. కీక్యాడ్‌లో 7వ వెర్షన్ నుంచి కంప్యూటర్‌లోని ఫాంట్లతో సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీద అచ్చయ్యే అక్షరాలు) రాసుకోవచ్చు. "స్టార్ట్" అని రాసి, గెర్బర్ (బోర్డు తయారు చేసేవాళ్లకు ఇచ్చే ఫైలు) తీసి, వేరే వ్యూయర్‌లో తెరిచి ఒత్తులు విరిగిపోలేదు కదా అని చూడండి. అక్షరాలు మరీ చిన్నవైతే ప్రింటులో పూడుకుపోతాయి. ఫాంటుతో కుదరకపోతే అక్షరాన్ని బొమ్మగా చేసి, అందులోనే ఉన్న ఇమేజ్ కన్వర్టర్‌తో పెట్టేయొచ్చు.

ఈజీఈడీఏ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ను తక్కువ చేసి మాట్లాడను. బ్రౌజర్‌లో తెరిచి ఆ పూటే బోర్డు గీయొచ్చు, పార్టులు అమ్మే చైనా కంపెనీ ఎల్‌సీఎస్‌సీలో దొరికేవాటికి ఫుట్‌ప్రింట్లు సిద్ధంగా ఉంటాయి. బోర్డులు తయారు చేసే చైనా కంపెనీ జేఎల్‌సీపీసీబీలోనే బోర్డు చేయించి, పార్టులు కూడా అక్కడే అతికించుకునేవాళ్లకు ఇంత సులువైనది లేదు. నేను పార్టులు కోఠిలో కొని, బోర్డులు మన దేశంలోనే చేయిస్తా కాబట్టి ఆ లాభం నాకు సగమే. అందులో మొదలుపెట్టి మనసు మారినా నష్టం లేదు, కీక్యాడ్ 8 నుంచి ఆ ఫైళ్లను నేరుగా దిగుమతి చేసుకుంటుంది.

పెద్ద కంపెనీలు వాడే పీసీబీ సాఫ్ట్‌వేర్ ఆల్టియం మంచి సరుకే, లైసెన్సు మాత్రం లక్షల్లో మాట. హైదరాబాద్ కంపెనీ ఏదైనా ఆల్టియం ఫైలే కావాలంటే, ఆ ఖర్చు కొటేషన్‌లో కలిపి అడగండి. క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో తిరుగుతూనే ఉంటుంది, దాని జోలికి పోకండి. సొంత పేరు మీద బిల్లు రాసేవాడు దొంగ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఫైలు కస్టమర్ చేతిలో పెడితే రేపు అడిగేవాళ్లకు ఏం చెప్తాడు?

కీక్యాడ్ మీద నా మొగ్గు ఉచితం అనే కాదు. 1992లో జాన్ పియర్ షారా మొదలుపెట్టిన దానికి తర్వాత యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ ఇంజినీర్లూ చేయి కలిపారు. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవగలిగే అక్షరాలే ఉంటాయి. రేపు ఏ కంపెనీ మూతపడినా నా స్టార్టర్ బోర్డు నా దగ్గరే ఉంటుంది. ఒకటే ఇబ్బంది: కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. అందుకని ఆర్డర్ నడుస్తుండగా అప్‌డేట్ చేయొద్దు. చేసేముందు ప్రాజెక్టు ఫోల్డర్‌ను కాపీ చేసి, పేరులో వెర్షన్ నంబరు రాసి పక్కన పెట్టండి. కస్టమర్‌కు ఫైళ్లు ఇచ్చేటప్పుడు గెర్బర్, డ్రిల్ ఫైళ్లతో పాటు సర్క్యూట్ పీడీఎఫ్, పార్టుల జాబితా కూడా పంపండి.