షెల్టర్ నుంచి తెచ్చిన కుక్క మంచం కింద నుంచి రాకపోతే

హైదరాబాద్‌లోని ఒక షెల్టర్ నుంచి ఆడ దేశీ కుక్కను తెచ్చుకున్నాం. చెవి కొసన చిన్న కోత ఉంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. ఇంట్లోకి రాగానే మంచం కింద దూరింది. మెడ బెల్టు చూస్తే వణుకు, కుక్కర్ విజిల్ వేస్తే అక్కడే మూత్రం. అన్నం పెడితే వాసన చూసి వదిలేసేది.

"లాగి బయటికి తెండి, అదే అలవాటవుతుంది" అన్నారు అత్తయ్య. నేను ఒప్పుకోలేదు. హడలిపోయిన కుక్కను లాగితే కరవదని నమ్మకమేంటి?

ముందు డాక్టర్ దగ్గర రక్తపరీక్ష చేయించాం. భయం ఒక్కటే కాదు, టిక్ ఫీవర్ కూడా ఉందట! పిడుదుల వల్ల వచ్చే జబ్బు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డాక్సీసైక్లిన్ కోర్సు పూర్తయ్యేసరికి తిండి దారిలో పడింది.

భయానికి మందు ఓపికే. వంటింటికి దూరంగా పాత దుప్పటి పరిచాం. నేను పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, దాని కళ్లలోకి చూడకుండా, ఉప్పు, ఉల్లి, ఎముక లేని ఉడికించిన చికెన్ ముక్కలు విసిరేదాన్ని. మెడ బెల్టు పక్కనపెట్టి ఛాతీకి తొడిగే హార్నెస్ కొన్నాం. దాన్ని మొదట గిన్నె పక్కన ఊరికే ఉంచి, తర్వాత ఇంట్లోనే తొడిగాం. బయటికి మాత్రం తెల్లవారుజామునే, మెట్ల మీదుగా.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు గొడవ చేస్తే, పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం లేదంటూ జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చూపించాం. రేబిస్ టీకా కార్డూ జత చేశాం.

హెల్మెట్ పెట్టుకున్నవాళ్లంటే ఇంకా మొరుగుతుంది. ఇప్పుడు దాని మీదే పనిచేస్తున్నాం.