కేంద్ర సంస్కరణను ప్రకటన నుంచి అమలు దాకా పరిశీలించే పద్ధతి

కేంద్ర ప్రభుత్వం వివిధ రంగాలలో తలపెట్టిన సంస్కరణల్లో ఏది అమలులోకి వచ్చిందో, ఏది ఇంకా కాగితం మీదే ఉందో తేల్చుకోదలచినవారు, ముందుగా అది విధానమా, చట్టమా, పథకమా అన్నది గుర్తించాలి. 2020 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యా విధానం చట్టం కాదు. పైగా 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో విద్య, కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల అంశాల ఉమ్మడి జాబితాలో చేరింది కనుక, పాఠశాలల్లో ఆ విధానం అమలు చాలావరకు రాష్ట్రాల నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. తమిళనాడు 2025లో పాఠశాల విద్యకు సొంత విధానాన్నే ప్రకటించింది. అందువల్ల ఏ సంస్కరణ విషయంలోనైనా ఆ అంశం రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలులో ఏ జాబితా కిందికి వస్తుందో చూసుకున్న తరువాతే ముందుకు వెళ్లడం మంచిది.

చట్టమైతే, పార్లమెంటు ఆమోదించిన తేదీని, రాష్ట్రపతి సమ్మతి తెలిపిన తేదీని, అమలులోకి వచ్చిన తేదీని వేర్వేరుగా రాసుకోవాలి. చట్టం ఏ రోజు నుంచి వర్తిస్తుందో సాధారణంగా మొదటి సెక్షన్‌లోనే ఉంటుంది. ‘కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి’ అని అక్కడ ఉంటే, ఆ నోటిఫికేషన్ కోసం ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రమైన గెజిట్‌ను వెతకాలి. 29 కార్మిక చట్టాలను కలిపి రూపొందించిన నాలుగు కోడ్‌లలో వేతనాల కోడ్ 2019లోను, మిగిలిన మూడు 2020లోను పార్లమెంటు ఆమోదం పొందినా, ఆ నాలుగూ 2025 నవంబరు 21న గాని అమలులోకి రాలేదు. ఆ మధ్యకాలంలో వాటిని అమలులో ఉన్న చట్టాలుగా పేర్కొన్న రాతలకు లెక్కే లేదు.

పథకం విషయంలో ఎక్కువ సమయం వెచ్చించవలసింది బడ్జెట్ పత్రాల మీదే. ఆర్థిక మంత్రి ప్రసంగం కన్నా వ్యయ బడ్జెట్‌లోని ఆయా శాఖల పద్దులే ఎక్కువ విషయం చెబుతాయి. అక్కడ ప్రతి పథకానికీ గడచిన సంవత్సరపు వాస్తవ వ్యయం, నడుస్తున్న సంవత్సరపు బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, రాబోయే సంవత్సరపు అంచనా పక్కపక్కనే కనిపిస్తాయి. పత్రికల్లో పతాక శీర్షికకెక్కేది చివరి అంకె. పథకం నడక తెలిసేది మాత్రం మధ్యనున్న రెండు అంకెలను పోల్చినప్పుడు. ఇంటింటికీ కుళాయి నీరు అందిస్తామంటూ 2019లో ప్రారంభించిన జల్ జీవన్ మిషన్‌కు 2024-25లో సుమారు రూ.70 వేల కోట్లు ప్రతిపాదించగా, సవరించిన అంచనా దాదాపు రూ.22,700 కోట్లకు తగ్గింది. అదే సమయంలో 2025-26కు రూ.67 వేల కోట్లు చూపారు. 2024 నాటికి పూర్తికావలసిన ఆ లక్ష్యాన్ని 2028 దాకా పొడిగించిన సంగతిని కూడా కలిపి చదివితేనే ఈ అంకెలు అర్థమవుతాయి.

నిధుల వాటాను కూడా చూడాలి. రైతులకు నగదు సాయం అందించే పీఎం కిసాన్ వంటి పథకాలకు ఖర్చంతా కేంద్రమే భరిస్తుంది. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఖర్చు భరించే కేంద్ర ప్రాయోజిత పథకాలలో చాలావాటికి కేంద్రం, రాష్ట్రాల వాటా 60:40 కాగా, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు అది 90:10గా ఉంటుంది. రాష్ట్రం తన వాటా జమచేయకపోతే కేంద్రం తదుపరి విడత నిలిపివేసే అవకాశం ఉంటుంది కనుక, రాష్ట్ర బడ్జెట్‌ను పక్కన పెట్టుకోకుండా ఇటువంటి పథకం మీద అభిప్రాయానికి రావడం తొందరపాటే అవుతుంది.

ఫలితాల కోసం ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే రాజ్యాంగబద్ధ ఆడిట్ అధికారి అయిన కాగ్ నివేదికలను, పార్లమెంటు స్థాయీ సంఘాల నివేదికలను చదవాలి. కాగ్ నివేదికలు ఆలస్యంగా వస్తాయి. అయినా క్షేత్ర తనిఖీ ఉంటుంది కాబట్టి శాఖల ప్రగతి పట్టికల కన్నా వాటికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇంకా తేలని విషయం మిగిలితే సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. ‘పథకం ఎందుకు ఆలస్యమైంది’ అని కాక, ఫలానా సంవత్సరంలో ఫలానా జిల్లాకు విడుదలైన నిధుల ఉత్తర్వుల నకళ్లు, వినియోగ ధ్రువపత్రాలు ఇవ్వాలని అడగాలి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.