పటింగ్ కుదరాలంటే ఇంట్లోనే మొదలుపెట్టండి

గోల్ఫ్ నేర్చుకునేవాళ్లందరూ దూరం కొట్టడం గురించే అడుగుతారు, కానీ పటింగ్ దగ్గర, అంటే బంతిని నేల మీద మెల్లగా దొర్లించి హోల్‌లో వేసే దగ్గర కూడా స్కోరు పాడవుతుంది. ఎండాకాలం మన తిరుపతిలో పొద్దున పదికే బయట నిలబడలేం కాబట్టి హాల్లోనే ముడతల్లేకుండా జంపఖానా పరిచి, చివర ఒక స్టీలు గ్లాసు నిలబెట్టండి. ఉత్త టైల్స్ మీద వద్దు, బంతి ఆగదు. అసలు హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, గ్లాసు అంతకంటే సన్నం, దీనికి తగిలించడం అలవాటైతే మైదానంలో హోల్ పెద్దగా కనిపిస్తుంది.

మూడడుగుల నుంచి కొట్టండి. బంతికి అడుగు ముందు రెండు అగ్గిపెట్టెలు పెట్టి, మధ్యలో బంతి పట్టడానికి కాస్త సందు వదలండి. నాకు ఎప్పుడూ ఎడమ పెట్టే కదిలేది, కొట్టే క్షణంలో కుడి మణికట్టు తిప్పేస్తున్నానని అప్పుడే తెలిసింది. మణికట్లు కదపకుండా భుజాలను లోలకంలా ఊపండి. గ్లాసు 'టంగ్'మనేదాకా తల ఎత్తొద్దు, ఇది చాలా ముఖ్యం.

గ్రీన్ (హోల్ చుట్టూ గడ్డి బాగా పొట్టిగా కత్తిరించిన చోటు) మీదికెళ్లాక ముందు హోల్‌కు పల్లం వైపు నిలబడి వాలు చూడండి. తప్పినా బంతి హోల్ దాటి అడుగున్నర పోయేంత వేగం చాలు.