చవిటి నేల మొక్కల లెక్క: తాడు, లెవెల్ పైపు, నోటు పుస్తకం ఉంటే చాలు

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే వైపు వెళ్తే, ఇసుకా కాక పొలమూ కాక మధ్యలో మిగిలిన బురద నేల కనిపిస్తుంది. మే నెలలో తెల్లగా ఉప్పు పేరి, సంక్రాంతి రోజుల్లో పొట్టి పొట్టి మొక్కలతో అక్కడక్కడా ఎర్రగా ఉంటుంది. మనవాళ్లు చవిటి నేల అంటారు. మట్టి లారీతో పూడ్చడానికి వచ్చినవాళ్లు ఖాళీ జాగా అంటారు. అది ఖాళీ కాదని చెప్పడానికి మన దగ్గర ఏముంది? ఒకటి రెండు ఫోన్ ఫొటోలు. వాటితో ఎవరూ నమ్మరు. ఎక్కడ ఏ మొక్క ఎంత మేర ఉందో, ఏ ఏడాది ఎంత తగ్గిందో అంకెల్లో ఉండాలి. ఆ అంకెలు రాసుకోవడం ఎలాగో చెప్తాను. పెద్ద చదువేం అక్కర్లేదు, ఓపిక కావాలి.

విశాఖ ఓడరేవు ఇన్నర్ హార్బర్ ఉన్నచోట ఒకప్పుడు ఉప్పుటేరూ, దాని చుట్టూ పోటు నీళ్లు ఎక్కి దిగే బురద నేలా ఉండేవి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చిందని తేదీతో సహా మనకి తెలుసు. ఆ నేల మీద ఏ మొక్క ఎంత మేర ఉండేదో చెప్పగలిగిన మనిషి మాత్రం నాకు ఇప్పటిదాకా దొరకలేదు. మిగిలిన ముక్కల విషయంలోనైనా అలా కాకూడదని నా తాపత్రయం.

ముందు సామాను. వంద మీటర్ల నైలాన్ తాడు, ప్రతి పది మీటర్లకీ రంగు రిబ్బను. అర అంగుళం పీవీసీ పైపు ముక్కలు నాలుగు, ఎల్బోలు నాలుగు: వాటితో లోపలి కొలత సరిగ్గా మీటరు వచ్చేలా ఒక చతురస్రం చేసుకోండి, పది సెంటీమీటర్లకొకటి చొప్పున రెండు వైపులా దారం కడితే వంద చిన్న గళ్లు వస్తాయి. ఒక గడి అంటే ఒక శాతం, లెక్క అక్కడితో తేలిపోతుంది. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన లెవెల్ పైపు పదిహేను మీటర్లు, మీటరు స్కేలు కర్రలు రెండు, నోటు పుస్తకం, పెన్సిల్. పెన్ను వద్దు, తడిస్తే పోతుంది. గుల్లలు కోసేస్తాయి కాబట్టి గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు బురదలో ఉండిపోతాయి. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. కొన్నిచోట్ల మోకాలి పైదాకా దిగిపోతారు.

ఎప్పుడు వెళ్లాలో పంచాంగం చెప్తుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, పాటు కూడా అంతే బాగా దిగుతుంది. అష్టమి దగ్గర్లో రెండూ మందంగా ఉంటాయి. విశాఖ తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య నీటి తేడా సుమారు ఒకటిన్నర మీటరు, అంటే గుజరాత్ వైపు ఉన్నంత పెద్దదేం కాదు, అందుకే మన దగ్గర ఈ మొక్కలు బతికే మేర ఎత్తులో చాలా సన్నటి పట్టీ. రోజుకి రెండు పోట్లు, రోజురోజుకీ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. టైడ్ టేబుల్ చూసుకుని, నీళ్లు పూర్తిగా తీసే సమయానికి రెండు గంటల ముందే అక్కడికి చేరండి. పోటు తిరగ్గానే బయటికి వచ్చేయండి, ఇంకో నాలుగు గళ్లే కదా అని ఆగొద్దు. అక్కడ వేటకెళ్లే వాళ్లని ఒకమాట అడగండి, మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, ఇసుకతో మూసుకుందా తెరుచుకుందా అన్నది వాళ్లకే ముందు తెలుస్తుంది. మొగ మూసుకుని ఉంటే పోటు లోపలికి రాదు, ఆ రోజు అంకెల పక్కన ఆ మాట తప్పకుండా రాయాలి.

ఏడాదికి రెండుసార్లు చాలు. సంక్రాంతి వెళ్లిన రెండు వారాల్లోపు ఒకసారి, వానలు పడకముందు మే చివర్లో ఒకసారి. మొదటిది మొక్కల కోసం, ఎందుకంటే వానలకి మొలిచి ఒక్క ఏడాదే బతికే మొక్కలు అప్పటికి ఎదిగి ఉంటాయి. రెండోది ఉప్పు కోసం.

ఇక గీత, అంటే తాడు పరిచి ప్రతిసారీ కొలిచే దారి. నీటి అంచు నుంచి గట్టు వైపు, ఒడ్డుకి అడ్డంగా నేరుగా పోవాలి, ఒడ్డు వెంబడి కాదు. గట్టు దాకా, వీలైతే గట్టు దాటి కూడా. ప్రతి పది మీటర్లకీ ఒక గుర్తు పాతండి. నేను మొదటిసారి సరుగుడు కర్రలు పాతాను, నాలుగు నెలలకి ఒక్కటీ లేదు, ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు, వాళ్లని తప్పు పట్టడానికీ లేదు. రెండోసారి ఇనుప రాడ్లు వేస్తే ఉప్పుకి తినేశాయి. ఇప్పుడు లోపల సిమెంటు నింపిన పీవీసీ పైపులు మీటరు లోతుకి దింపి, బయటికి ఇరవై సెంటీమీటర్లు మాత్రమే వదులుతున్నాను. వాటి జీపీఎస్ అంకెలు రాసుకుంటాను కానీ ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అందుకని గట్టు మీద ఉన్న కల్వర్టు గోడ నుంచి టేపుతో కొలిచిన దూరం కూడా రాస్తాను.

అన్నిటికంటే ముఖ్యమైనది లెవెల్ పైపు పని, చాలామంది దీన్నే వదిలేస్తారు. ఉప్పు నేలలో పది సెంటీమీటర్ల ఎత్తు తేడాకే మొక్క మారిపోతుంది. దిగువన ఎవరు బతకగలరో నీళ్లు తేలుస్తాయి, ఎగువన ఎవరు నిలవగలరో పక్క మొక్కతో పోటీ తేలుస్తుంది. కాబట్టి ఎత్తు తెలియకుండా మొక్కని రాస్తే సగం సంగతి వదిలేసినట్టే. పైపు నిండా నీళ్లు పోసి గాలి బుడగలు లేకుండా చూసుకోండి. ఒక కొస మొదటి గుర్తు దగ్గర స్కేలు కర్రకి ఆనించి ఒకరు, రెండో కొస రెండో గుర్తు దగ్గర ఇంకొకరు. నీరు కుదురుకున్నాక నేల నుంచి నీటిమట్టం ఎంత ఎత్తుందో ఇద్దరూ చదవాలి. ఇక్కడ 82 సెంటీమీటర్లు, అక్కడ 91 వస్తే, రెండో చోట నేల 9 సెంటీమీటర్లు పల్లం. అలా కల్వర్టు గోడ దగ్గర మొదలుపెట్టి నీటి అంచు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి కొలుచుకుంటూ రండి. తేడాలన్నీ కూడితే సున్నా రావాలి. ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా వస్తే సరే, ఐదొస్తే మళ్లీ కొలవాల్సిందే. బురదలో కర్ర దిగిపోతుంది కాబట్టి దాని కింద చిన్న రేకు ముక్క పెట్టండి.

తర్వాత గుర్తు దగ్గర, ప్రతిసారీ ఒకే పక్కన, చతురస్రం పెట్టి గళ్లు లెక్కపెట్టండి. పై నుంచి ఫొటో తీయండి, కానీ మొక్కల్ని తొక్కకుండా రెండో పక్క నుంచి నడవండి. మనమే తొక్కేసి, తర్వాత మొక్కలు తగ్గాయని రాస్తే అది అబద్ధపు లెక్క. ఖాళీ బురద, ఉప్పు పొర, పీత బొరియలు, చెత్త, వీటన్నిటికీ గళ్లు ఇవ్వండి.

మొక్కల పేర్లు ఊరూరికీ మారతాయి, ఆకారం పట్టుకోండి. సన్నగా, గుండ్రంగా, నీళ్లు నిండిన ఆకులతో ముదిరేకొద్దీ ఎర్రబారేది ఇలకూర, పుస్తకాల్లో సుయేడా. నేల మీద పాకుతూ, ఎర్రటి కాడ కణుపు కణుపుకీ వేరు దిగి, ఎదురెదురు మందపాటి ఆకులు, నక్షత్రంలాంటి గులాబీ పువ్వు ఉంటే వంగరెడ్డి కూర, అంటే సెసూవియం. ఆకులే లేనట్టు, ముక్కలు ముక్కలు అతికించినట్టు ఉండే పచ్చటి కాడలైతే సాలికార్నియా. కోస్తా చవిటి నేలల్లో దొరుకుతుంది, భావనగర్‌లోని ఉప్పు పరిశోధన సంస్థ దీన్నుంచే కూరగాయ ఉప్పు తయారుచేసింది. అలాంటిదే కానీ కింద కాడ కర్రలా గట్టిపడి ఉంటే ఆర్థ్రోక్నెమమ్, అది ఏళ్లతరబడి బతుకుతుంది. పొట్టిగా, గుచ్చుకునే ఆకులతో పాకే గడ్డి ఏలురోపస్. ఉదయాన్నే చూడండి, ఆకుల మీద సన్నటి ఉప్పు రవ్వలు మెరుస్తుంటాయి, ఆకులోని గ్రంథుల నుంచి బయటికి నెట్టేసిన ఉప్పు అది. బూడిద రంగు చిన్న ఆకులు, తెల్లటి చిన్న పువ్వులు ఉప్పుసనగవి. నీటి అంచున నేలలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తే మడ చెట్టు. పేరు తెలియనిదానికి ‘మొక్క ఒకటి’ అని రాసి ఫొటో పెట్టుకోండి, ఊహించి పేరు రాయొద్దు. ఆంధ్రా యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చదివేవాళ్లు ఎవరైనా తెలిసి ఉంటే తర్వాత అడగొచ్చు. ఇంకో మాట, ఇలకూరా వంగరెడ్డి కూరా తినేవే అయినా మురుగు గెడ్డ కలిసే చోట కోసుకోవద్దు, ఈ మొక్కలు మట్టిలో ఉన్న లోహాల్ని కూడా లాక్కుంటాయి.

ఉప్పు కొలవడానికి పాతిక సెంటీమీటర్ల గొయ్యి తీసి, ఊరిన నీటిని రిఫ్రాక్టోమీటరు (నీటిలో ఉప్పెంతో చూపించే చిన్న పరికరం) మీద ఒక చుక్క వేయండి. మామూలు సముద్రపు నీరు వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు దగ్గర చూపిస్తుంది. వానాకాలం తర్వాత నదుల నీళ్లు కలిసి మన తీరంలో బాగా తగ్గుతుంది. మే నెలలో ఎగువ గుర్తుల దగ్గర సముద్రానికి రెట్టింపు వచ్చినా కంగారు పడకండి, అది పరికరం తప్పు కాకపోవచ్చు: పెద్ద పోటుకి మాత్రమే ఎక్కిన నీరు అక్కడే ఎండిపోయి ఉప్పు మిగులుతూ పోతుంది. గొయ్యిలో నీళ్లు ఊరకపోతే పది గ్రాముల ఎండిన మట్టి, యాభై మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట తేర్చి ఈసీ మీటరు (నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు చెప్పేది) పెట్టండి. పాళ్లు ఎప్పుడూ మార్చొద్దు.

మనుషులు చేసిన చెరుపుకి గుర్తు గుర్తుకీ సున్నా నుంచి మూడు దాకా మార్కు వేయండి. పశువుల డెక్కలు, బండి చక్రాల దారి, ప్లాస్టిక్, నూనె తెట్టు, కూల్చిన ఇళ్ల రాళ్లూ సిమెంటూ. చక్రం పడిన చోట ఏళ్ల తరబడి పల్లంగా ఉండి నీళ్లు నిలుస్తాయి, చిన్నదే అని వదలొద్దు. నా గీతలో ఎగువ మూడు గుర్తులు ఒక రాత్రి లారీల మట్టి కింద పోయాయి. పోయిన గుర్తుని పుస్తకంలోంచి కొట్టేయకుండా, ‘పూడ్చారు’ అని తేదీతో రాశాను.

అంతకంటే నెమ్మదిగా జరిగే చెరుపుని మొక్కలే చూపిస్తాయి. చవిటి నేలలోకి జమ్ము వస్తోందంటే మురుగు నీళ్లో, పోటు రాకుండా అడ్డుకట్టో ఉందని అనుమానించండి, కల్వర్టు తూములు పూడాయేమో వెళ్లి చూడండి. మురుగులో ఎరువు ఉంది కదా, మొక్కలకి మంచిదే అనుకుంటారు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ప్లమ్ ఐలండ్ దగ్గర తొమ్మిదేళ్లు పోటు నీటిలో నత్రజని కలిపి చూస్తే, గడ్డి పైకి బాగా పెరిగింది కానీ పట్టి ఉంచే వేర్లు తగ్గి కాలువ ఒడ్డులే విరిగి పడ్డాయి. ఆ ఫలితం 2012లో వచ్చింది. గట్టు వైపు నుంచి సర్కారు తుమ్మ దిగుతోందంటే ఎగువ నేల పొడిబారుతున్నట్టు.

ఇక సముద్రం సంగతి. 2006 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. వినడానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ వంద మీటర్లకి అర మీటరు వాలున్న నేలలో పదేళ్ల పెరుగుదల, అంటే 3.7 సెంటీమీటర్లు, నీటి గీతని ఏడు మీటర్లకు పైగా లోపలికి జరుపుతుంది. మొక్కలు నీటి వేగం తగ్గించి ఒండ్రు పట్టుకుని నేలని కొంత పైకి లేపుకుంటాయి. ఒండ్రు రాకపోతే, వెనక్కి జరగడానికి రోడ్డో ప్రహరీయో అడ్డం ఉంటే, ముందు నీళ్లూ వెనక గోడా మధ్య ఇరుక్కుపోతాయి. అందుకే గీతని గట్టు దాకా తీసుకెళ్లమన్నాను. లెవెల్ పైపు ఏడాదిలో ఈ మార్పుని పట్టలేదు, దాని తప్పే సెంటీమీటరు ఉంటుంది. ఐదో ఏడో ఏళ్ల తర్వాత పదో గుర్తు దగ్గర ఉండే ఇలకూర పదకొండో గుర్తుకి జరిగితే అప్పుడు తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రాలు తోడు పెట్టుకోండి: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటడానికి ముందూ తర్వాతా చూడాలంటే లాండ్‌శాట్ ఉపగ్రహానివి, 2015 తర్వాతకి సెంటినెల్ ఉపగ్రహానివి. లాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క నేల మీద ముప్పై మీటర్లు, ఇరవై మీటర్ల పట్టీ అందులో కలిసిపోతుంది, తాడు పని దానివల్ల తప్పదు. డ్రోన్ మాట ఎత్తొద్దు, నౌకాదళం, ఎయిర్‌పోర్టు ఉన్న ఊరిది.

మంచి మనసుతో వచ్చినవాళ్లు ఈ నేలలో మడ మొక్కలో సరుగుడో నాటేద్దామంటారు. ఖాళీగా కనిపిస్తోంది కదా అని. దయచేసి ఆపండి. చవిటి నేల మొక్కలు పొట్టివి కాబట్టి లేనట్టు కాదు, చెట్టు నీడ పడితే ఇలకూర పోతుంది, మడ తనంతట తాను ఎక్కడ రావాలో అక్కడ వస్తుంది. పోటు దారి తెరిస్తే చాలా చోట్ల మిగతాది వాటంతట అవే చేసుకుంటాయి.

పుస్తకంలో అంకెలు ఇంటికొచ్చిన రోజే ఎక్సెల్‌లో ఎక్కించి, ఒక కాపీ స్నేహితుల దగ్గర పెట్టండి. 2019 జనవరి 18 నాటి సీఆర్‌జడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం ఉప్పు నేలల్లోని ఈ మొక్కల ప్రాంతాలు సీఆర్‌జడ్ 1ఏ కిందికి వస్తాయి, మడ అడవులతో సమానంగా. ఎవరైనా పూడుస్తుంటే కలెక్టరాఫీసులోనూ రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ అథారిటీకీ అర్జీ పెట్టొచ్చు. అర్జీతో పాటు గుర్తు నంబరు, జీపీఎస్, నిరుడు అదే చోట ఉన్న మొక్కల శాతం, ఆ రోజు తీసిన ఫొటో, ఈ ఏడాది ఫొటో జతచేయండి. రసీదు అడిగి తీసుకుని, దాన్నీ ఆ నోటు పుస్తకంలోనే ఆ గుర్తు పేజీకి అంటించండి.