ప్రాగ్‌లో వీకెండ్: ఏ రోజు ఏది చూడాలి?

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు రెండు రోజులు ఖాళీ దొరికితే ముందు గుర్తొచ్చే ఊళ్లలో ప్రాగ్ ఒకటి. డ్రెస్డెన్‌లో రైలెక్కితే సుమారు రెండున్నర గంటల్లో చెక్ రాజధానిలో దిగిపోవచ్చు. పాత ఊరు పెద్దదేం కాదు, ముఖ్యమైనవన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. చిక్కల్లా వారాలతోనే. యూదుల పేటలోని సినగాగులు (వాళ్ల ప్రార్థనా మందిరాలు), పాత స్మశానం శనివారం మూసేస్తారు. కోటలో ఉన్న పెద్ద చర్చిలో ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి కాబట్టి మధ్యాహ్నం దాకా పర్యాటకులను లోపలికి వదలరు. అందుకని కోట శనివారం, యూదుల పేట ఆదివారం పెట్టుకోండి. ఇది తారుమారైతే ఒక పూట గేటు దగ్గరే పోతుంది.

1. బయల్దేరే ముందు

జర్మనీ నుంచి వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ వెంట ఉంచుకోండి. ఒకే వీసా ప్రాంతమే అయినా రైల్లో పోలీసులు తనిఖీ చేస్తుంటారు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు షెంగెన్ వీసా ఉండాలి. బూట్లు మెత్తనివి వేసుకోండి. ఊరంతా రాళ్లు పరిచిన వీధులే, హీల్స్‌తో ఒక గంట కూడా నడవలేరు.

2. శుక్రవారం సాయంత్రం: డబ్బు, టికెట్

ఇక్కడ చెల్లేది యూరో కాదు, చెక్ కొరునా. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు కాబట్టి నగదు కొంచెం చాలు. ఏటీఎం 'మీ కరెన్సీలోకి మార్చి చూపించమంటారా' అని అడిగితే వద్దనే నొక్కండి, ఆ రేటు ఎప్పుడూ మనకు నష్టమే. 'కమిషన్ సున్నా' బోర్డులు చూసి మారకం దుకాణాల్లోకి వెళ్లకండి, కమిషన్ బదులు రేటులోనే లాగేస్తారు. ఒకవేళ మోసపోయామనిపిస్తే మూడు గంటల్లోపు రసీదు చూపించి డబ్బు వెనక్కి అడిగే హక్కు 2019 నుంచి చట్టంలోనే ఉంది.

మెట్రో, ట్రాము, బస్సు అన్నిటికీ ఒకటే టికెట్. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా 72 గంటల టికెట్ సరిపోతుంది. కాగితం టికెట్ అయితే మొదటిసారి ఎక్కేటప్పుడు పసుపురంగు మెషీన్‌లో ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా కట్టాల్సిందే, చెక్ చేసేవాళ్లు మామూలు బట్టల్లోనే తిరుగుతారు.

3. శనివారం: పైనుంచి కిందికి

కోట కొండమీద ఉంది. చాలామంది కింది నుంచి మెట్లెక్కి, పైకి చేరేసరికే అలసిపోతారు. 22 నంబరు ట్రాము ఎక్కి పొహోర్జెలెత్స్ స్టాపులో దిగితే స్ట్రాహోవ్ మఠం మీదుగా కోటకు, అక్కడినుంచి నదికి అంతా దిగుడే.

కోట ఆవరణల్లో తిరగడానికి డబ్బు అక్కర్లేదు, లోపలి భవనాలకే టికెట్. ఇక్కడి పెద్ద చర్చి సెయింట్ వైటస్ 1344లో మొదలై 1929లో గానీ పూర్తికాలేదు. ఎడమవైపు కిటికీల్లో చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముఖా గీసిన రంగుల అద్దం ఉంది, దాని దగ్గర కాసేపు ఆగండి. ఆ తర్వాత పాత రాజభవనానికి వెళ్లండి. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు కాథలిక్ చక్రవర్తి ప్రతినిధులిద్దరినీ, వాళ్ల కార్యదర్శినీ ఇక్కడి కిటికీలోంచే కిందికి తోసేశారు. అంత ఎత్తునుంచి పడ్డా ముగ్గురూ బతికారు. యూరప్‌ను మాత్రం 30 ఏళ్ల యుద్ధం కమ్మేసింది. ఈ కిటికీని గుర్తుపెట్టుకోండి, సాయంత్రం పనికొస్తుంది.

కోట దిగాక నెరుదోవా వీధిలో తలెత్తి నడవండి. ఇళ్లకు నంబర్లు లేని కాలంలో బొమ్మలే అడ్రసులు: మూడు వయొలిన్లు, రెండు సూర్యుళ్లు. ఆ బొమ్మలు ఇప్పటికీ గుమ్మాలపైన ఉన్నాయి. వీధి దాటి ముందుకెళితే చార్లెస్ వంతెన వస్తుంది. 1357లో రాజు నాలుగో చార్లెస్ మొదలుపెట్టిన ఈ వంతెన పొడవు 516 మీటర్లు, రెండువైపులా కలిపి 30 విగ్రహ సమూహాలు. ఇప్పుడు కనిపించేవాటిలో చాలావరకు నకళ్లే, అసలువి మ్యూజియంలో ఉన్నాయి. నెపోముక్ యోహాను అనే సెయింట్ విగ్రహం కింద ఉన్న కంచు పలకలను జనం తాకి తాకి, మిగతాదంతా నల్లబడినా ఆ చేతులు పడినచోటు మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది. పగలు ఇక్కడ తోపులాటే. ఫొటోలు కావాలంటే ఆదివారం తెల్లారగట్ల మళ్లీ రండి.

వంతెన దాటి పాత ఊరి కూడలికి చేరుకుంటే, పాత టౌన్‌హాల్ టవర్ పక్కన నేలమీద 27 తెల్ల సిలువలు కనిపిస్తాయి. పొద్దున చూసిన కిటికీ దగ్గర మొదలైన తిరుగుబాటు 1620లో తెల్లకొండ యుద్ధంలో ఓడిపోయింది. 1621 జూన్ 21న దాని నాయకులు 27 మందిని ఇక్కడే చంపారు. వేలమంది ఈ సిలువల మీదుగానే నడిచిపోతుంటారు, ఎందుకంటే అందరి చూపూ పైనున్న గడియారం మీదే. 1410 నాటి ఆ గడియారంలో గంట కొట్టగానే అస్థిపంజరం తాడు లాగుతుంది, కిటికీల్లో 12 మంది అపొస్తలులు తిరుగుతారు, చివర్లో కోడి కూస్తుంది. నిమిషం కూడా పట్టదు, 'ఇంతేనా' అనిపిస్తుంది. జేబుదొంగలకు మంచి సమయం కూడా అదే, బ్యాగు ముందుకు వేసుకోండి. నన్నడిగితే కిందనుంచి చూసేకంటే లిఫ్టులో టవరెక్కడం మేలు.

4. ఆదివారం: యూదుల పేట

పింకస్ సినగాగుతో మొదలుపెట్టండి. నాజీల చేతుల్లో చనిపోయిన దాదాపు 78 వేలమంది చెక్ యూదుల పేర్లు గోడలనిండా చేత్తో రాసి ఉన్నాయి. పక్కనే పాత స్మశానం. పేటలో మరో స్థలం దొరక్క, సమాధులపైనే మట్టి పోసి మళ్లీ సమాధులు కడుతూ వచ్చారు, అందుకే సుమారు 12 వేల రాళ్లు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. రాళ్లపైన గులకరాళ్లు, చీటీలు పెట్టి ఉంటారు, ముట్టుకోకండి. మగవాళ్లు తల కప్పుకోవాలి.

5. తిండి సంగతి

శాకాహారులకు స్మాజెనీ సీర్ దొరుకుతుంది: చీజ్ ముక్కను బ్రెడ్ పొడిలో పొర్లించి వేయించింది. బంగాళాదుంప అట్టు బ్రంబొరాక్ కూడా బాగుంటుంది, అయితే అందులో మాంసం కలుపుతారేమోనని 'బెజ్ మసా?' (మాంసం లేకుండానా?) అని అడిగి తీసుకోండి. మాంసం తినేవాళ్లకు క్రీమ్ సాస్‌తో వచ్చే గొడ్డుమాంసం స్విచ్‌కోవా ఇక్కడి అసలు భోజనం. వీధుల్లో ప్రాచీన చెక్ వంటకమంటూ అమ్మే తీపి రొట్టె చుట్ట ట్రుడెల్నిక్‌కు ఇక్కడంత చరిత్ర ఏమీ లేదు, పర్యాటకుల కోసం వచ్చిందే. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా వెంట ఉంచుకోండి.

తిరుగు రైలుకు ఆదివారం సాయంత్రం రద్దీ ఎక్కువ, సీటు ముందే రిజర్వ్ చేసుకోండి. డ్రెస్డెన్ వైపు వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు కిటికీ అడగండి, నది ఆ పక్కనే ఉంటుంది.