చీటీ ఎప్పుడు పాడుకోవాలి? పాటకు వెళ్లే ముందు ఇంట్లో వేసుకోవలసిన లెక్క

చీటీ అంటే కొంతమంది నెలనెలా ఒకే మొత్తం కట్టడం, అలా పోగైన సొమ్మును ప్రతి నెలా పాటలో, అంటే వేలంలో, అందరికంటే ఎక్కువ వదులుకోవడానికి ఒప్పుకున్నవారు తీసుకోవడం. చీటీ వేయడం మంచిదా, చెడ్డదా అని అడిగేవారిని నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఆ డబ్బు దేనికి, ఏ నెలలో, ఎంత కావాలి? ఈ మాటకు జవాబు లేకుండా చేరినవారు పాట రోజున పక్కవారు పాడుతున్నారు గనుక తామూ పాడి, చేతికి వచ్చిన సొమ్మును ఆరు నెలల్లో కొత్త టీవీగానూ తిరుపతి ప్రయాణంగానూ కరగదీసి, ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వాయిదాలు కట్టలేక నిట్టూర్చడం ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. తప్పు చీటీది కాదు, లెక్క వేయకపోవడానిది.

మొదట అవసరాన్ని నోటు పుస్తకంలో రాయండి. “అమ్మాయి చదువుకు” అని రాస్తే చాలదు; “వచ్చే ఆగస్టులో కాలేజీకి కట్టవలసిన 3 లక్షలు” అని రాయాలి. ఒక చీటీకి ఒకే అవసరం ఉండాలి. చదువుకూ, ఇంటి పైకప్పుకూ, బంగారానికీ కలిపి ఒక పెద్ద చీటీ వేసేవారి ఇంట్లో ఆ మూడింటిలో ఒక్కటీ సమయానికి తీరదు. సెల్‌ఫోన్‌లో కాకుండా పుస్తకంలోనే, పెన్సిల్‌తో రాయండి. ఫోన్‌లో రాసుకున్నదాన్ని పాట రోజున తెరిచి చూసినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

తర్వాత కంపెనీని ఎంచుకోవాలి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన అధికారి ముందస్తు అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టకూడదు. ఫోర్‌మన్, అంటే చీటీ నడిపేవారు, చీటీ మొత్తానికి సమానమైన సొమ్మును హామీగా చూపించాలి. కాబట్టి అనుమతి నంబరూ, ఒప్పంద పత్రం నకలూ అడగండి, ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి. ఫోర్‌మన్ కమీషన్ 5 శాతమా, 2019 సవరణ తర్వాత గరిష్ఠ పరిమితి అయిన 7 శాతమా అన్నదీ, చీటీ ఎత్తుకున్నవారికి, అంటే పాడి సొమ్ము తీసుకున్నవారికి, కూడా డివిడెండ్ (పాటలో వదులుకున్న సొమ్ములో కమీషన్ పోగా సభ్యుల వాయిదాలో తగ్గే వాటా) ఉంటుందా లేదా అన్నదీ ఆ పత్రంలోనే చూసుకోవాలి. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల బీమా చీటీ డబ్బుకు వర్తించదు. వీధి చివర పిన్నిగారు నడిపే రిజిస్టరు కాని చీటీ ఎంత నమ్మకమైనదైనా వేయకండి. ఆవిడ మంచితనం మీద నాకు అనుమానం లేదు, ఆవిడ దగ్గర చీటీ ఎత్తుకుని ఊరు విడిచిపోయేవారి మీదే నా అనుమానం.

వాయిదా ఎంత కట్టగలరో చూసుకోవడం తేలిక. డివిడెండ్ రాదనుకుని, పూర్తి వాయిదాను జీతంలోంచి తీసి పక్కన పెట్టగలిగితేనే చేరండి.

ఇక అసలు పని, అందరూ పాడుచేసుకునే పని, పాటలో ఎంతవరకు వెళ్లాలో ముందే తేల్చుకోవడం. దీన్ని నెమ్మదిగా చదవండి.

5 లక్షల చీటీ, 25 మంది, 25 నెలలు, నెలకు 20,000, కమీషన్ 5 శాతం అనుకుందాం. అయిదో నెలలో పాట లక్షా నలభై వేలకు పోయిందంటే, ఆ సొమ్ము వదులుకోగా పాడుకున్నవారి చేతికి 3,60,000 వస్తుంది. కమీషన్ 25,000 పోగా మిగిలిన 1,15,000 అందరికీ పంచితే తలకు 4,600 డివిడెండ్. “లక్షా నలభై పోయినా అది 28 శాతమే కదా, పైగా రెండేళ్లకు కదా, ఏడాదికి 14 శాతం పడింది” అని చాలామంది తృప్తిపడతారు. ఇక్కడే అందరూ బోల్తా పడేది.

ఆ 3,60,000లో మీ డబ్బు కూడా ఉంది. చీటీ మొత్తం కాలానికి డివిడెండ్ సగటున 2,500 అనుకుంటే మీ వాయిదా నెలకు 17,500 పడుతుంది. అయిదు నెలలకు 87,500 మీరు ఇప్పటికే కట్టేశారు. కనుక మీకు నిజంగా అప్పుగా అందింది 2,72,500 మాత్రమే. దానికి బదులుగా మిగిలిన 20 నెలల్లో మీరు కట్టవలసింది 3,50,000. ఏ పద్ధతిలో లెక్కవేసినా ఇది నూటికి నెలకు రెండున్నర రూపాయలకు తగ్గని వడ్డీ. తాకట్టు వ్యాపారి అదే రేటు చెబితే గుమ్మం దిగి వచ్చేసేవారు పాటలో మాత్రం నవ్వుతూ చెయ్యెత్తుతారు.

కాబట్టి లెక్కను తిరగేసి చేయాలి. మీకు వేరేచోట ఏ వడ్డీకి అప్పు దొరుకుతుందో ముందు కనుక్కోండి. బంగారం తాకట్టు పెడితే బ్యాంకు ఎంత తీసుకుంటుందో ఆ వారమే అడగండి, పోయినేటి రేటు పనికిరాదు. అది ఏడాదికి 12 శాతం, అంటే నెలకు రూపాయి అనుకుందాం. ఇంకా కట్టవలసిన 3,50,000 మీద సగటు గడువు పదిన్నర నెలలు కనుక వడ్డీ పదిన్నర శాతం పడుతుంది, 3,50,000ను 1.105తో భాగిస్తే సుమారు 3,16,700. దానికి మీరు కట్టిన 87,500 కలిపితే 4,04,200. అంటే అయిదో నెలలో ఇంతకు తగ్గకుండా చేతికి వచ్చేలా ఉంటేనే మీరు పాడాలి. పాట 96,000 దాటిన క్షణంలో మీకు బంగారం తాకట్టే చవక.

ఈ అంకెను చిన్న కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. నెలనెలా ఇది మారుతుంది, కనుక పాటకు ముందు రోజు రాత్రి ప్రతిసారీ కొత్తగా వేయాలి. పాట గదిలో కూర్చున్నాక లెక్క వేయడం కుదరదు; “లక్ష... లక్షా అయిదు... ఒకటోసారి” అని అరుస్తున్నప్పుడు బుర్ర భాగహారం చేయదు, పౌరుషం మాత్రమే పనిచేస్తుంది. ఒకసారి నేను జేబులోని కాగితం తీసి చూడకుండా మరో ఎనిమిది వేలు ఎక్కువ పాడి, ఇంటికి వచ్చాక మా ఆవిడ చేత లెక్క వేయించుకుని, వారం రోజులు మౌనంగా భోజనం చేశాను.

మొదటి నెల చీటీ సాధారణంగా ఫోర్‌మనే తీసుకుంటాడు. ఆ తర్వాతి రెండు మూడు నెలల్లో అవసరం బాగా ఉన్నవారు పాటకు పెట్టిన గరిష్ఠ పరిమితి దాకా పాడతారు, ఇద్దరు ముగ్గురు ఒకే అంకె దగ్గర ఆగితే పేర్లు రాసిన కాగితాలు వేసి ఒకటి తీస్తారు. ఆ నెలలను నమ్ముకుని కాలేజీ గడువు పెట్టుకోవడం జూదం. పాట గెలిచినా డబ్బు మర్నాడే రాదు. జామీనుదారుల జీతం కాగితాలు, సంతకాలు, వాటి తనిఖీ పూర్తయ్యేసరికి నెల గడవవచ్చు. నేను చేరిన ఒక చీటీలో జామీను ఇచ్చిన మిత్రుడి సంతకం బ్యాంకు సంతకంతో సరిపోలేదని పద్దెనిమిది రోజులు తిప్పారు. అందుకే అవసరానికి రెండు నెలల ముందే పాడుకోవాలి, జామీనుదారులతో చేరిన రోజే మాట్లాడి పెట్టుకోవాలి.

అవసరం చివరి నెలల్లోనే ఉందనుకోండి, అప్పుడు అసలు పాడకండి. పై చీటీలోనే చివరి వ్యక్తి మొత్తం 4,37,500 కట్టి 4,75,000 తీసుకుంటాడు. సగటున ఏడాది పాటు నిలిచిన డబ్బు మీద 37,500 లాభమంటే ఎనిమిదిన్నర శాతం. దీనికోసమే చీటీ వేయమని చెప్పేవారితో నేను ఏకీభవించను, ఎందుకంటే అంతే గడువుకు రికరింగ్ డిపాజిట్ వేస్తే ఆ డబ్బుకు బీమా కూడా ఉంటుంది. చీటీకి ఉన్న అసలు సుగుణం మధ్య నెలల్లో, పదో నెలకూ పద్దెనిమిదో నెలకూ మధ్య, పోటీ తగ్గి పాట మీ కాగితం మీది అంకెకు లోపల ఆగినప్పుడు కనిపిస్తుంది.

సొమ్ము చేతికి రాగానే అదే వారంలో పుస్తకంలో రాసుకున్న పనికి కట్టేయండి. కాలేజీ గడువు ఇంకా రాకపోతే వేరే ఖాతాలో వేసి, ఆ ఖాతా ఏటీఎం కార్డును ఇంట్లో ఎవరికీ ఇవ్వకండి. చివరి వాయిదా కట్టిన రోజే మీరు రాసిచ్చిన ప్రామిసరీ నోట్లూ, జామీను పత్రాలూ కంపెనీ నుంచి వెనక్కి తీసుకుని, జామీను ఉన్నవారి ఇంటికి వెళ్లి, వారి చేత్తోనే చింపించండి.